పాంపేయి ద్రాక్షతోటలో ఒక పూట

(టూరిజం విద్యార్థులు, ఇటలీ ప్రయాణం అనుకుంటున్న కుటుంబాలవాళ్లు కలిసి విన్న ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? సరే, మైకు కొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

ఇక్కడ సగం మంది టూరిజం చదువుతున్న పిల్లలు. మిగతా సగం వచ్చే ఏడో ఆపై ఏడో ఇటలీ చూసి రావాలనుకుంటున్న పెద్దవాళ్లు. నన్ను మాట్లాడమన్న విషయం ఏంటంటే, రోమన్ల కాలంనాటి శిథిలాలు చూపించే టూర్‌నీ, వైన్ టేస్టింగ్‌నీ ఒకే రోజులో ఎలా కలపాలి అని. నేను తొమ్మిదేళ్లుగా నేపుల్స్‌లో ఉంటున్నాను. మాది నల్గొండ జిల్లా. మనవాళ్ల గ్రూపులు వస్తే వెంట ఉంటాను. ఇటలీలో గైడ్ పని చేయాలంటే లైసెన్సు కావాలి, నేను గైడ్‌ని కాదు. లైసెన్సున్న గైడ్ చెబుతుంటే పక్కన నిలబడి మనవాళ్లకి తెలుగులో చెప్పడం నా పని. అలా చెప్పీ చెప్పీ పాంపేయి సందులు నాకు మా ఊరి సందుల్లా అయిపోయాయి.

అందుకే రోమ్ గురించి చెప్పను. కొలోసియం గురించి చెప్పను. ఒక్క ఊరు గురించే చెబుతాను, వెసూవియస్ అగ్నిపర్వతం పేలి బూడిద కింద పూడిపోయిన రోమన్ల ఊరు. పాంపేయి.

మీలో ఎంతమంది టూర్ ప్యాకేజీలు చూశారు? చాలామందే చూసి ఉంటారు. అందులో ఏముంటుంది? పొద్దున రెండు గంటలు పాంపేయి. మధ్యాహ్నం రెండు గంటలు వైన్. మధ్యలో ఒక బస్సు. శిథిలాలు చూపించినాయన గేటు దగ్గర దండం పెట్టి వెళ్లిపోతాడు. వైనరీలో ఇంకొకావిడ మొదలుపెడుతుంది. పొద్దున మీరేం చూశారో ఆవిడకి తెలియదు. మధ్యాహ్నం మీరేం రుచి చూడబోతున్నారో ఈయనకి తెలియదు. ఎండలో తిరిగిన కష్టానికి కూలి ఇచ్చినట్టు వైన్ పోస్తారు. నాకు అక్కడే బాధ. పాంపేయిలో ద్రాక్షతోట కూడా శిథిలమే. గోడలు ఎలా తవ్వి తీశారో తోటల్ని కూడా అలాగే తవ్వి తీశారు. పొద్దున చూసినదానికీ మధ్యాహ్నం గ్లాసులోకి వచ్చేదానికీ మధ్య తెగని దారం ఒకటి ఉంది. ఆ దారం పట్టుకుని నడిపిస్తే ఈ టూర్ టూర్‌లా ఉంటుంది. లేదంటే రెండు టికెట్లు కొన్నట్టే.

ముందు నా మొదటి గ్రూపు సంగతి చెప్పాలి. జూన్ నెల. పద్నాలుగు మంది, ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. వైనరీవాళ్లు పదకొండింటికే ఖాళీ ఉంది రమ్మన్నారు. సరేనని ముందు అక్కడికే తీసుకెళ్లాను. భోజనం అయింది, నాలుగు రకాల వైన్ అయింది, రెండు గంటలకి పాంపేయి గేటు దగ్గర దిగాం. ఎండ మాడిపోతోంది. పాంపేయిలో నీడ ఎంత ఉంటుందనుకుంటున్నారు? చాలామటుకు పైకప్పుల్లేని ఊరు అది. రోడ్లన్నీ లావా రాతి బండలు, ఒకటి ఎత్తు ఒకటి పల్లం. అరగంట నడిచామో లేదో ఒక బాబాయిగారికి కళ్లు తిరిగి గడప మీద కూలబడిపోయారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నీళ్లు పట్టించి, ఫస్ట్ ఎయిడ్ వాళ్లు వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి కోలుకున్నారు. "ఏం కాదులే అమ్మా" అని ఆయనే నాకు ధైర్యం చెప్పారు. ఆ తప్పు నాది. వైనరీవాళ్లది కాదు, ఎండది కాదు.

కాబట్టి పిల్లలూ, మిగతావన్నీ మర్చిపోయినా ఇది రాసుకోండి. గేటు తెరిచే వేళకి పాంపేయిలో ఉండాలి. ఒంటిగంట లోపు బయటికి రావాలి. వైన్ తర్వాత శిథిలాలు వద్దు. ఎప్పుడూ వద్దు. ఇంకొకటి, 2024 నవంబరు నుంచి రోజుకి ఇరవై వేల మందినే లోపలికి పంపిస్తున్నారు. టికెట్ మీద ఎవరి పేరు వాళ్లకి ఉంటుంది. గ్రూపు పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ముందుగా ఇవ్వాలి. గేటు దగ్గర టెన్షన్ పడి లాభం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పాంపేయి ఎక్కడ నిలబడి చూసినా వెసూవియస్ కనిపిస్తుంది. దాదాపు పది కిలోమీటర్ల దూరం. 1,281 మీటర్ల ఎత్తు. మనం దాన్ని ఎలా చూస్తాం? ఊరిని మింగిన కొండ అని చూస్తాం. క్రీస్తు శకం 79లో అక్కడ బతికినవాళ్లు దాన్ని ఎలా చూసేవాళ్లో తెలుసా? తోట అని చూసేవాళ్లు. నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఒక గోడ చిత్రం ఉంది. పాంపేయిలో ఒక ఇంటి దేవుడి గూడు దగ్గర దొరికింది. కొండ పేలి 1,800 ఏళ్లు నిండిన 1879లో ఆ ఇల్లు తవ్వారు కాబట్టి దానికి శతాబ్ది పేరే పెట్టారు. బొమ్మలో ఒక కొండ, కొండ వాలంతా తీగలు. పక్కనే వైన్ దేవుడు బాకస్. ఆయన ఒంటి మీద బట్టలు లేవు, ద్రాక్షపళ్లే బట్టలు. మెడ నుంచి మోకాళ్ల దాకా నిండు ద్రాక్షగుత్తి మనిషి రూపం ఎత్తినట్టు ఉంటాడు. ఆ కొండ వెసూవియస్సే అని చాలామంది అంటారు. ఒక ఇంట్లోవాళ్లు రోజూ దీపం పెట్టుకునే చోట కొండనీ ద్రాక్షనీ కలిపి గీయించుకున్నారంటే, ఆ కొండ వాళ్లకి అన్నం పెట్టే కొండ అని కదా?

ఇంకో సంగతి కూడా చెబుతాను. స్పార్టకస్ పేరు వినే ఉంటారు. బానిసల తిరుగుబాటు నడిపినాయన. క్రీస్తు పూర్వం 73లో రోమన్ సైన్యం ఆయన్ని ఈ కొండ మీదే చుట్టుముట్టింది. దిగే దారి ఒక్కటే, దాని మీద కాపలా ఉంది. ఆయన మనుషులు అక్కడి అడవి ద్రాక్ష తీగల్ని నిచ్చెనల్లా అల్లుకుని, నిలువు బండల మీదుగా దిగిపోయారని ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత రాశాడు. అంత గట్టి తీగలు ఆ కొండవి. టూర్ మొదలుపెట్టేటప్పుడు గేటు దగ్గర నిలబడి ఈ రెండూ చెప్పిస్తాను. అప్పుడు మనవాళ్ల కళ్లు కొండని వేరేగా చూస్తాయి. ఆ చూపుతో లోపలికి వెళ్లాలి.

లోపల ఏం చూపించాలి? ఊరు మొత్తం 66 హెక్టార్లు, అంటే 160 ఎకరాల పైచిలుకు. మూడో వంతు ఇంకా మట్టి కిందే ఉంది. అన్నీ చూపించాలనుకుంటే ఏదీ చూడలేరు. నేను నాలుగు చోట్లు పట్టుకుంటాను. అందులో ఒకచోట ఎక్కువసేపు ఉంటాను, ఇక్కడ కూడా దాని గురించే ఎక్కువ చెబుతాను.

ఊరికి తూర్పు చివర యాంఫీథియేటర్ ఉంది. దాని పక్కన పెద్ద ఖాళీ స్థలం. చాలాకాలం దాన్ని పశువుల సంత అనుకున్నారు. పేరు కూడా అలాగే, ఫోరో బోవారియో, పశువుల సంతే. 1966లో విల్హెల్మినా జషెమ్‌స్కీ అనే అమెరికన్ చరిత్ర ప్రొఫెసర్ అక్కడ తవ్వకం మొదలుపెట్టారు. అందరూ ఇళ్లు తవ్వుతుంటే, గోడలు తవ్వుతుంటే, ఆవిడ తోటలు తవ్వారు. తోటని తవ్వడమేంటి, రెండు వేల ఏళ్ల తర్వాత తోటలో ఏం మిగులుతుంది అంటారా? ఏమీ మిగలదు. అదే విచిత్రం. ఏమీ మిగలకపోవడమే మిగిలింది.

ఎలాగో చెబుతాను. కొండ పేలినప్పుడు ఊరి మీద చిన్న చిన్న నురగరాళ్లు, తర్వాత బూడిద, మీటర్ల లెక్కన పడ్డాయి. చెట్టు కాలి విరిగిపోయింది. నేలలో వేరు మాత్రం ఉంది. కాలక్రమంలో వేరు కుళ్లి మట్టిలో కలిసిపోయింది. వేరు ఉన్న చోట ఆ ఆకారంలోనే బొరియ మిగిలింది. పైనుంచి ఆ నురగరాళ్ల గుళికలు బొరియలోకి జారాయి. జషెమ్‌స్కీ గారి మనుషులు ఆ గుళికల్ని ఒక్కొక్కటీ ఏరి తీసేసి, ఖాళీలో ఇనుప తీగ దించి, సిమెంటు పోశారు. కొన్నాళ్లు ఆగి చుట్టూ మట్టి తీశారు. ఏం బయటపడింది? వేరు. కణుపుతో సహా వేరు. ద్రాక్ష వేరు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, నిటారుగా ఉండదు, మెలికలు తిరిగి పక్కలకి పాకుతుంది. అచ్చంగా అదే. నేను మొదటిసారి అలాంటి అచ్చు చూసినప్పుడు, వేళ్లమధ్య పట్టి చూడాలనిపించింది. ముసలి చెయ్యి మీద నరాలు తేలినట్టు ఉంది.

అలా ఎన్ని దొరికాయో ఊహించండి. పదా? వందా? రెండు వేలకి పైగా. వరస తప్పకుండా. మొక్కకీ మొక్కకీ నాలుగు రోమన్ అడుగులు, అంటే మన లెక్కలో 118 సెంటీమీటర్లు. ప్రతి తీగ పక్కన ఊతకర్ర పాతిన గుంత కూడా దొరికింది. తోట మధ్యలో రెండు దారులు, దారుల వెంట పందిరి గుంజల గుర్తులు. పెద్ద మట్టి జాడీలు నేలలో పాతిన గది. ఆరుబయట కూర్చుని తినడానికి కట్టిన అరుగులు. అంటే ఏమన్నమాట? పక్కన యాంఫీథియేటర్‌లో ఆటలు చూసి వచ్చిన జనం ఈ తోటలో అరుగుల మీద వాలి, ఇక్కడే పండిన వైన్ తాగి ఉంటారు. పశువుల సంత అనుకున్నది చివరికి ఊరి లోపలే ఉన్న తోట అయింది.

హైదరాబాద్ చుట్టుపక్కల పుట్టి పెరిగిన పెద్దలకి ద్రాక్ష అంటే పందిరి గుర్తొస్తుంది. అనాబేషాహీ పందిళ్ల కింద తల వంచుకుని నడిచినవాళ్లు ఇక్కడే ఉండి ఉంటారు. అవునా అమ్మా? చూశారా, చెయ్యి ఎత్తుతున్నారు. వెసూవియస్ చుట్టూ రెండు పద్ధతులూ ఉండేవి, కర్రకి కట్టడం, పందిరి వేయడం. నేపుల్స్‌కి ఉత్తరాన అవెర్సా వైపు ఇప్పటికీ పోప్లార్ చెట్లకి ద్రాక్ష పాకిస్తారు. పది పదిహేను మీటర్ల ఎత్తు. పొడుగాటి నిచ్చెన వేసుకుని ఎక్కి కోస్తారు. మా ఊళ్లో గౌడన్న తాడెక్కినట్టే, ఒళ్లు జలదరిస్తుంది చూస్తుంటే.

ఆ వేళ్ల అచ్చులు దొరికిన చోటనే మళ్లీ తోట వేశారు. అవెల్లీనో దగ్గర అత్రిపాల్దాలో మాస్త్రోబెరార్దీనో అనే పాత వైన్ కుటుంబం ఉంది. 1990ల్లో పురావస్తు శాఖతో కలిసి ఆ కొలతలతోనే, ఆ చోట్లలోనే తీగలు నాటారు. మొదటి పంట 2001లో. సీసాలు దాదాపు 1,700. ఆ వైన్ పేరు విల్లా దేయి మిస్తేరి. పిల్లలూ, ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది రోమన్లు తాగిన వైనే అని మాత్రం చెప్పకండి. తోట పాతది, కొలత పాతది, మట్టి పాతది. పులియబెట్టడం ఇప్పటి పద్ధతే. రోమన్లు జాడీల లోపల పైన్ చెట్టు జిగురు మరిగించి పూసేవాళ్లు. వైన్‌లో తేనె కలిపేవాళ్లు, మూలికలు వేసేవాళ్లు, సముద్రపు నీళ్లు కూడా కలిపేవాళ్లు. పెద్దమనుషులెవరూ నీళ్లు కలపకుండా తాగేవాళ్లు కాదు. ఆ రుచి వేరు. వచ్చినవాళ్లని సంతోషపెట్టాలని అబద్ధం చెప్పనక్కర్లేదు. నిజమే చాలా బాగుంది.

రెండో చోటు వీధి కొట్టు. కౌంటర్‌లో గుండ్రటి రంధ్రాలు, రంధ్రాల్లో జాడీలు దించి ఉంటాయి. అన్నిట్లోనూ వైన్ ఉండేదని చెప్పేస్తుంటారు. అది నిజం కాదు. చాలావాటిలో పప్పుల్లాంటి ఎండు సరుకులు పోసేవాళ్లని పరిశోధకులు అంటారు. కానీ 2020లో ఒక కొట్టుని పూర్తిగా తవ్వి బయటికి తీశారు. బాతులు, కోడిపుంజు రంగుల బొమ్మలతో కౌంటర్ కొత్తగా వేసినట్టు ఉంటుంది. అక్కడ ఒక జాడీలో వైన్ ఉన్న ఆనవాలు దొరికింది. అడుగున ఏముందో తెలుసా? నూరిన బాకలా చిక్కుడు గింజలు. వైన్ రంగు తేటపడటానికి వేసేవాళ్లు. రంగు మారిన సరుకుని అమ్ముకోవడానికి కొట్టువాడు పడిన తిప్పలు చూడండి. ఒక రాజు కథకంటే నాకు ఈ గింజలే ఎక్కువ దగ్గరగా అనిపిస్తాయి.

ధరల మాట కూడా ఉంది. పాంపేయి గోడ మీద హెదోనె అనే ఆవిడ పేరుతో ఒక రాత దొరికింది. ఒక ఆస్‌కి ఇక్కడ తాగొచ్చు, రెండిస్తే ఇంకా మంచిది తాగొచ్చు, నాలుగిస్తే ఫలెర్నియన్ తాగొచ్చు అని. ఆస్ అంటే చిన్న రాగి నాణెం. ఫలెర్నియన్ అంటే ఆ రోజుల్లో పేరు మోసిన వైన్. పాంపేయి వైన్‌కి అంత పేరు లేదు. ఆ కాలపు రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు, పాంపేయి వైన్ తాగితే మర్నాడు మధ్యాహ్నం దాకా తలనొప్పి వదలదని. ఆ ప్లినీయే 79లో నౌకలేసుకుని జనాన్ని కాపాడటానికి వెళ్లి, స్తాబియె తీరంలో ప్రాణం వదిలాడు. ఆయన తలనొప్పి మాట చెప్పినప్పుడు గ్రూపులో అందరూ నవ్వుతారు. చివరికి ఎలా పోయాడో చెప్పగానే నిశ్శబ్దమైపోతారు. రెండూ ఒకే మనిషివి.

మూడోది ఊరి గోడ బయట, విల్లా దేయి మిస్తేరి. అవును, ఇందాక సీసా మీద చెప్పిన పేరే. ఎర్ర రంగు గోడల మీద బాకస్ పూజా తంతు బొమ్మలు చూడటానికి జనం వస్తారు, చూసి వెళ్లిపోతారు. అదే ఇంట్లో ద్రాక్ష పిండే గది ఉంది. దూలం చివర పొట్టేలు తల చెక్కిన గానుగని మళ్లీ చేసి పెట్టారు. బొమ్మల గదికీ గానుగ గదికీ మధ్య కొన్ని అడుగులే. ఆ ఇంట్లో భక్తీ వ్యవసాయమూ ఒకే కప్పు కింద ఉన్నాయి. గైడ్‌కి ముందే చెప్పి పెట్టుకోండి, గానుగ వదిలేయొద్దని.

నాలుగోది బోస్కోరియాలెలో విల్లా రెజీనా. పాంపేయి నుంచి బండిలో కాసేపు. తెరిచి ఉండే వేళలు ముందే చూసుకోవాలి. 1977లో బయటపడిన చిన్న రైతు ఇల్లు. భవంతి కాదు. గోడలకి గొప్ప బొమ్మలు లేవు. వాకిట్లో నేలలోకి పాతిన మట్టి జాడీలు పద్దెనిమిది. మూతులే పైకి కనిపిస్తాయి. మా నాయనమ్మ ఇంట్లో వడ్లు పోసే గోలెం ఉండేది, నేను లోపల దాక్కునేదాన్ని. అంతంత పెద్దవి, వరసగా, మెడ దాకా పాతరేసి. అన్నిట్లో కలిపి దాదాపు పదివేల లీటర్లు పడుతుంది. నేలలో ఎందుకు పాతేవాళ్లు? చల్లగా ఉంటుందని. పులిసేటప్పుడు వేడి పెరిగితే రసం చెడిపోతుంది. భూమే వాళ్ల ఫ్రిజ్.

ఆ జాడీల వల్ల ఇంకో పెద్ద ప్రశ్న కూడా లేచింది. కొండ ఎప్పుడు పేలింది? పుస్తకాల్లో ఆగస్టు 24 అని చదువుకున్నాం. పెద్ద ప్లినీ మేనల్లుడు చిన్న ప్లినీ ఆ పేలుడు గురించి రాసిన ఉత్తరం చేతిరాత ప్రతుల్లో ఆ తేదీ ఉంది. కానీ జాడీలకి మూతలు వేసి ఉన్నాయి. ఆగస్టులో ద్రాక్ష ఇంకా తీగ మీదే ఉంటుంది కదా? కోత అయి, పిండి, పులిసి, మూత పడిందంటే ఆగస్టు ఎలా అవుతుంది? తర్వాత 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ దొరికింది, అక్టోబరు 17. బొగ్గు రాత ఎక్కువకాలం నిలవదు కాబట్టి కొండ అక్టోబరు చివర్లో పేలి ఉండాలని చాలామంది నమ్ముతున్నారు. ఆగస్టే అనేవాళ్లూ ఉన్నారు, వాదన నడుస్తోంది. నాకు నచ్చేది ఏంటంటే, ఒక ఊరు ఏ రోజు ఆగిపోయిందో చెప్పడానికి వైన్ జాడీ మూత సాక్ష్యానికి రావడం. ఆ ఏడు కోత కోశారు. తాగడానికి వాళ్లు లేరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒక అక్క నన్ను అడిగారు, కొంచెం కోపంగానే. "ఇంతమంది చచ్చిపోయిన ఊళ్లో తిరిగి, సాయంత్రానికి వైన్ తాగడమేంటమ్మా, మనసెలా ఒప్పుతుంది?" అని. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పాంపేయిలో ఫ్యూజిటివ్స్ తోట అని ఒకటి ఉంది. పారిపోతూ పడిపోయిన పదమూడు మంది అచ్చులు అక్కడ గాజు వెనక ఉంటాయి. పెద్దవాళ్లు, పిల్లలు. జుసెప్పె ఫియోరెల్లి 1863లో మొదలుపెట్టిన పద్ధతి, శరీరం కరిగిపోయిన ఖాళీలో ప్లాస్టర్ పోయడం. ఆలోచించండి, మనుషుల్ని ఏ పద్ధతిలో బయటికి తీశారో, ద్రాక్ష వేళ్లనీ అదే పద్ధతిలో తీశారు. ఆ పదమూడు మంది పడిపోయిన చోటు కూడా ద్రాక్షతోటే.

మనం వాళ్ల చావునే చూసి వచ్చేస్తే వాళ్ల చివరి రోజొక్కటే చూసినట్టు. తీగ కట్టినరోజు, కోత కోసినరోజు, కొట్టు దగ్గర బేరమాడినరోజు, అవన్నీ వాళ్ల రోజులే. వైన్ దగ్గర కూర్చుంటే నాకు ఆ రోజులు గుర్తొస్తాయి. అయినా ఆ అక్క మాటలో నిజం ఉంది. అందుకే అచ్చుల దగ్గర నుంచి నేరుగా టేబుల్ దగ్గరికి తీసుకెళ్లను. మధ్యలో నడక, నీళ్లు, మాటల్లేని కొంతసేపు. ఆ తోటని పొద్దున్నే చూపించేస్తాను. అక్కడ సెల్ఫీలు వద్దని ముందే చెబుతాను. మనవాళ్లు వింటారు, నిజంగా వింటారు.

ఇప్పుడు టేబుల్ దగ్గరికి వద్దాం. వెసూవియస్ వాలు మీద బోస్కోత్రెకాసె, త్రెకాసె, తెర్జీన్యో ఊళ్లలో వైనరీలు ఉన్నాయి. దిగగానే గ్లాసు పట్టుకోవద్దు. ముందు తోటలోకి వెళ్లి మట్టి చేతిలోకి తీసుకోమంటాను. నల్లగా, గరగరలాడుతూ, ఇసకలా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు యూరప్ ద్రాక్షతోటల్ని వేళ్ల దగ్గర తినేసింది. ఈ ఇసక మట్టిలో ఆ పురుగు బతకలేదు. అందుకే ఇక్కడ చాలాచోట్ల అంటు కట్టకుండా సొంత వేరు మీదే తీగలు ఉన్నాయి. మిగతాచోట్ల అమెరికా వేరు మీద అంటు కడతారు. పొద్దున వేరు అచ్చు చూసినవాళ్లకి ఈ మాట చెవిలో వేరేగా పడుతుంది. పడకపోతే మనం సరిగ్గా చూపించలేదని.

తర్వాత రుచి. మొదట తెల్లది. కోదా ది వోల్పె అంటే నక్క తోక. గుత్తి చివర వంకర తిరిగి అలాగే ఉంటుంది. ఇంకో తెల్ల రకం కాప్రెత్తోనె. తర్వాత ఎర్రది, పియెదిరొస్సో, అంటే ఎర్రకాలు. కాడ పావురం కాలులా ఎర్రగా ఉంటుంది. వీటితో చేసే వైన్‌కే లాక్రిమా క్రిస్టి, క్రీస్తు కన్నీరు అని పేరు. స్వర్గం నుంచి వెళ్లగొట్టిన దేవదూత లూసిఫర్ అక్కడి నుంచి ఒక ముక్క తెంచుకుని పడితే నేపుల్స్ అఖాతమైందని, అది చూసి క్రీస్తు ఏడిస్తే కన్నీళ్లు పడినచోట ద్రాక్ష మొలిచిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

మనవాళ్లతో ఒక ఇబ్బంది ఉంది, సిగ్గు లేకుండా మాట్లాడుకోవాలి. టేస్టింగ్‌లో నోట్లో తిప్పి ఉమ్మేయడానికి గిన్నె పెడతారు. మనవాళ్లు అది ఎంగిలి అనుకుని ముట్టుకోరు. మొహమాటానికి నాలుగు గ్లాసులూ తాగేస్తారు. ఉమ్మడం అక్కడ తప్పు కాదు, వైన్ చేసేవాళ్లే రోజూ చేస్తారు. ముందే చెప్పేయండి. తాగనివాళ్లు కూడా ఉంటారు. మా గ్రూపుల్లో ఎప్పుడూ సగం మంది ఉంటారు. వాళ్లని పక్కన కూర్చోబెట్టి కోక్ ఇప్పించకండి. గ్లాసు ఇవ్వండి, వాసన చూడమనండి. ఒకసారి ఒక మామ్మగారు, జీవితంలో మందు ముట్టనావిడ, ఎర్ర వైన్ వాసన చూసి, "వాన పడ్డాక రాతి గోడ వాసన వస్తోంది" అన్నారు. వైనరీ అమ్మాయికి అది నేను ఇటాలియన్‌లో చెబితే, ఆ అమ్మాయి వచ్చి మామ్మగారి చెయ్యి పట్టుకుంది.

తిండి గురించి రెండు మాటలు. పియెన్నోలో అని చిన్న టమాటాలు. గుత్తులు గుత్తులుగా తాడుకి కట్టి దూలానికి వేలాడదీస్తారు, మనం జొన్న కంకులు కట్టినట్టు. శాకాహారులకి వాటితో చేసిన స్పగెట్టి చాలు, కడుపు నిండుతుంది. టమాటా మాత్రం రోమన్లకి తెలియదు, అది అమెరికా నుంచి వచ్చింది. బండి నడిపేవాళ్లకి ఇటలీలో రక్తంలో ఆల్కహాలు లీటరుకి అర గ్రాము దాటకూడదు, లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండనివాళ్లకి అసలు ఉండకూడదు. డ్రైవర్‌తో వ్యాన్ మాట్లాడుకోండి. రైలైతే నేపుల్స్, సొరెంటో మధ్య సర్కుంవెసువియానా ఉంది. పాంపేయి స్కావి స్టేషన్‌లో దిగితే గేటు నడక దూరమే. వైనరీకి బండి కావాలి.

మనకీ ఆ ఊరికీ చుట్టరికం ఉందా అని అడుగుతారు. ఉంది. నేపుల్స్ మ్యూజియంలోనే దంతంతో చెక్కిన చిన్న స్త్రీ బొమ్మ ఉంది. 1938లో పాంపేయిలో ఒక ఇంట్లో దొరికింది. పాంపేయి లక్ష్మి అంటారు. లక్ష్మి కాదు, యక్షిణి అనేవాళ్లూ ఉన్నారు. అలాంటి బొమ్మలు మహారాష్ట్రలో భోకర్దన్‌లో దొరికాయి, శాతవాహనుల నేల. అటు నుంచి ఏం వచ్చింది? వెండి, వైన్. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రోమన్ వైన్ జాడీల ముక్కలు దొరికాయి. యవనులు ఓడల్లో తెచ్చిన చల్లని పరిమళపు మద్యం గురించి సంగం కాలపు తమిళ పద్యం ఉంది. మా నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. దంతం బొమ్మ ముందు నేను ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. గ్రూపు ముందుకు వెళ్లిపోయి నన్ను పిలుస్తుంటారు.

టైము అయిపోవచ్చింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పమ్మా.

వేరేచోట్ల ఇలా చేయొచ్చా అంటున్నావు. చేయొచ్చు. దక్షిణ ఫ్రాన్స్‌లో బోకేర్ దగ్గర మాస్ దే తురెల్ అనే చోట రోమన్ల గానుగ మళ్లీ కట్టి, తేనె కలిపిన వైన్ పాత పద్ధతిలో చేసి రుచి చూపిస్తారు. తాగిన రుచి ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అక్కడికి వెళ్లాలి. తీగ ఎక్కడ ఉండేదో చూడాలంటే పాంపేయి.

ఇంకొకరు? ఆ, బాబాయిగారూ, చెప్పండి. ఏ గేటు నుంచి వెళ్లాలి అంటున్నారా? అందరూ రైలు దిగి పోర్తా మరీనా గేటు దగ్గర వరసలో నిలబడతారు. మీరు తూర్పు గేటుకి వెళ్లండి, పియాజ్జా అన్‌ఫితియాత్రో. పొద్దున్నే అయితే జనం తక్కువ. లోపలికి వెళ్లగానే యాంఫీథియేటర్ కనిపిస్తుంది. దాని పక్కనే తోట. కంచె దగ్గర నిలబడి తీగల వరసల మీదుగా చూడండి, కొండ కనిపిస్తుంది. అక్టోబరులో వెళితే ఎండ బాధ ఉండదు. ఆకులు ఎర్రబడుతుంటాయి.